ఆగు డాక్టరు, రైట్ కండక్టరమ్మ

ఆగు డాక్టరు గారు జీవితంలో ఏ పనీ ఆలస్యంగా చేయలేదు. తొందరపడీ చేయలేదు. ప్రతి పనీ సరిగ్గా అది జరగవలసిన క్షణంలోనే చేశారు. చిక్కల్లా ఏమిటంటే, ఆ క్షణం ఎప్పుడొస్తుందో ఆయనకు తప్ప ఇంకో ప్రాణికి తెలిసేది కాదు. అది వచ్చేదాకా కుడిచేయి పైకెత్తి, కళ్లు సగం మూసి, "ఆగు... ఆగు..." అంటూ నిలబడేవారు. వచ్చాక ఆ చేయి దభీమని దించి "ఇప్పుడు!" అనేవారు. ఈ రెండు మాటల మధ్య కాఫీలు చల్లారిపోయేవి, బస్సులు వెళ్లిపోయేవి, ఇంటికొచ్చిన చుట్టాలు చెప్పులు వేసుకుని బయల్దేరిపోయేవారు.

ఆయనకు కన్నవాళ్లు ముచ్చటపడి పెట్టిన పేరొకటి ఉంది. ఆస్పత్రిలో ఆయన గది తలుపు మీద ఇత్తడి పలకపై చెక్కి కూడా ఉంది. దాన్ని తుడిచే ఆయమ్మ తప్ప ఇంకెవరూ దానివంక చూడరు. "ఆగు డాక్టరు గారెక్కడ?" అంటే మాత్రం గేటు దగ్గర వాచ్‌మన్ మొదలుకొని లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ల దాకా అందరూ దారి చెబుతారు.

ఈ వైభవాన్నంతా అతి దగ్గరగా చూసి, అనుభవించి, నెత్తీ నోరూ కొట్టుకున్నవాడు ఆయన బావమరిది. అతనికి డాక్టరు గారు ఇంట్లో అక్క మొగుడు. ఆస్పత్రిలో పై అధికారి. డాక్టరు గారిది సీటీ స్కాన్ బొమ్మలు చూసి లోపల ఏముందో చెప్పే ఉద్యోగం. బావమరిదిది అదే గదిలో మెషీన్ నడిపే ఉద్యోగం. డ్యూటీలో చుట్టరికాలు వినపడకూడదని మేనేజరు గట్టిగా ఆర్డరు వేశాడు. కానీ "బావా" అన్న మాట పాపం బావమరిది నాలుక చివరన పుట్టిపెరిగింది. అది జారిపోయాక వెనకాలే "సార్" తగిలించేవాడు. అలా "బావా సార్" అనే పిలుపు పుట్టింది. కొన్నాళ్లకు నర్సులు కూడా "బావా సార్, మిమ్మల్ని పిలుస్తున్నారు" అనడం మొదలుపెట్టారు. మేనేజరు ఆ ఆర్డరు వెనక్కి తీసుకుందామనుకునేసరికి చేయి దాటిపోయింది.

డాక్టరు గారి పెళ్లి కథ అక్క ఎప్పుడు చెప్పినా కొత్తగానే ఉంటుంది.

"నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావురా. రిజిస్ట్రారు ఆఫీసులో నేను సంతకం పెట్టేశాను. ఈయనకు పెన్ను ఇచ్చారు. ఈయన చేయెత్తి 'ఆగండి' అన్నారు."

"అమ్మో!"

"నా గుండె ఆగింది. మన నాన్న కుర్చీలో కూలబడ్డాడు. పెళ్లికొడుకు మనసు మార్చుకున్నాడని అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది."

"ఎందుకాగాడట?"

"కిటికీలోంచి ఎండ కాగితం మీద పడుతోందట. అది పక్కకు జరిగితే సంతకం ముత్యంలా వస్తుందట."

"జరిగిందా?"

"జరిగింది. ఈలోగా రిజిస్ట్రారు కూడా జరిగాడు, భోజనానికి."

ఇంట్లో ఆమ్లెట్ తిరగేయడమే ఒక మహా ఘట్టం. అక్క అట్లకాడ పట్టుకుని నిలబడేది. డాక్టరు గారు పెనం వంక వంగి "ఆగు... ఆగు..." అనేవారు. ఆ ఇంట్లో ఆమ్లెట్ బంగారు రంగులో వచ్చేదన్న మాట నిజమే. కానీ ఆ రంగు వచ్చేసరికి తినాల్సినవాళ్లు రొట్టె ముక్క నమిలి ఆఫీసులకు పోయేవారు. ఒకసారి కుటుంబమంతా కలిసి ఫోటో దిగుదామని కూర్చుంటే, కెమెరా వెనక ఆయనే నిలబడ్డారు. అందరి ముఖాల్లోనూ ఒకేసారి నవ్వు రావాలన్నారు. పెద్దత్తయ్య నవ్వి నవ్వి దవడ పట్టేసి, ఆ నవ్వుతోనే రెండ్రోజులు తిరిగింది. ఫోటో మొదలుపెట్టినప్పుడు ఒళ్లో ఉన్న చంటిది పూర్తయ్యేసరికి నిలబడటం నేర్చుకుందని బంధువుల్లో చెప్పుకుంటారు. అది కాస్త ఎక్కువే అనుకోండి. గోడ పట్టుకుని నిలబడింది, అంతే.

జోకు చెప్పినా అంతే. విన్నవెంటనే నవ్వితే దాని రుచి పోతుందని ఆయన నమ్మకం. పొద్దున కాంటీనులో ఎవరో చెప్పిన జోకు ఆయనలో మధ్యాహ్నానికి పక్వానికి వచ్చింది. ఆ సమయంలో మేనేజరు మీటింగులో నిలబడి, లిఫ్టు ఎందుకు ఆగిపోతోందో కళ్లనీళ్ల పర్యంతమై వివరిస్తున్నాడు. డాక్టరు గారు బల్ల మీద చరిచి మరీ నవ్వారు. మేనేజరు ఆ అవమానాన్ని గుండెల్లో దాచుకున్నాడు.

ఒక్క స్కాన్ గదిలో మాత్రం ఆయన పిచ్చి, పిచ్చి కాదు, ఉద్యోగం.

పొట్టలోని అవయవాలన్నీ స్కాన్‌లో మామూలుగా ఒకే బూడిదరంగులో కనిపిస్తాయి. మబ్బులో మబ్బును వెతుక్కున్నట్టే. అందుకని చేతి నరంలోకి ఒక మందు ఎక్కిస్తారు. అది రక్తంతో కలిసి ఎక్కడికి వెళితే అక్కడ బొమ్మ తెల్లగా వెలుగుతుంది. ముందు పెద్ద రక్తనాళాలు, తర్వాత కాలేయం, ఆ తర్వాత మూత్రపిండాలు. వీధిలో ఒక ఇంట్లో దీపం వెలిగి, అది ఆరేసరికి పక్కింట్లో వెలిగినట్టు. ఏ ఇంట్లో ఏముందో చూడాలంటే ఆ ఇంట్లో దీపం ఉన్నప్పుడే మీట నొక్కాలి. ముందు నొక్కితే చీకటి. తర్వాత నొక్కితే అంతా వెలిసిపోయిన చొక్కా.

కాబట్టి గాజు అద్దం ఇవతల బావమరిది మీట మీద వేలు పెట్టి కూర్చునేవాడు. పక్కన డాక్టరు గారు చేయెత్తి నిలబడేవారు.

"బావా సార్, నొక్కనా?"

"ఆగు."

"వేలు తిమ్మిరెక్కింది బావా సార్."

"ఇంకో వేలు పెట్టు... ఆగు... ఇప్పుడు!"

అప్పుడు తెర మీద తేలే కాలేయాన్ని చూసి ఆయన మురిసిపోయేవారు. "చూడరా, ఎంత బాగుందో! ఒక్కో నరం ఆకు మీద ఈనెలా ఉంది!" అని పొంగిపోయేవారు. అద్దం అవతల పడుకున్న మనిషి ఈ పొగడ్తలకు తన పొట్టే కారణమని ఎప్పటికీ తెలుసుకోలేడు.

మేనేజరుకు ఇదంతా కడుపుమంట.

"డాక్టరు గారూ, పక్క ఆస్పత్రిలో అందరికీ ఒకే టైమ్ పెట్టేశారండీ. మందు ఎక్కించడం, అంకె పూర్తవగానే నొక్కడం, దించడం. మీరేమో ప్రతి ఒక్కరి దగ్గరికీ వెళ్లి, చేయి పట్టుకుని, మీ ఊళ్లో వానలెలా ఉన్నాయని అడుగుతారు!"

"నాడి చూస్తున్నానండీ. అందరి గుండెలూ ఒకే వేగంతో కొట్టుకుంటే నేనూ ఒకే టైమ్ పెడదును. భయపడ్డవాడిలో మందు పరుగెత్తుతుంది. గుండె నీరసించిన పెద్దాయనలో తీరుబడిగా షికారుకెళ్లినట్టు పోతుంది."

"మరి వానల సంగతి?"

"మాట్లాడితే భయం తగ్గుతుంది కదా."

మేనేజరు వానల సంగతి అంతటితో వదిలేశాడు. కానీ రిపోర్టుల సంగతికొచ్చేసరికి ఆయనే కాదు, బావమరిది కూడా తలపట్టుకున్నాడు. కొందరికి రిపోర్టు చిటికెలో వచ్చేది. ఇంకొందరిని డాక్టరు గారు కూర్చోబెట్టేవారు. ఏ లెక్కన ఆపుతున్నారో ఎవరికీ అంతుపట్టేది కాదు. కిటికీలోంచి తల బయటపెట్టి అడిగేవారు.

"మీతో ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదండీ."

"అయితే ఆగండి. ప్రింటరు వేడెక్కలేదు."

ఆ మాట అనేటప్పుడు ఆయన పక్కనే ప్రింటరు చరచరా కాగితాలు కక్కుతూ ఉండేది. ఈ ప్రింటరు గొడవ పడలేక మేనేజరు సరికొత్తది కొనిపించాడు. డాక్టరు గారు దాన్ని చుట్టూ తిరిగి చూసి, "బాగుంది. పాపం కొత్తది, మన ఊరి వాతావరణానికి అలవాటు పడాలి" అన్నారు. మళ్లీ అదే కథ.

ఒకరోజు ఒక రంగులేసే మేస్త్రి రిపోర్టు కోసం వచ్చాడు. బయట ఎండ ఫెళఫెళలాడుతోంది.

"గొడుగు తెచ్చుకున్నారా?" అని అడిగారు డాక్టరు గారు.

"ఈ ఎండలో గొడుగెందుకు సార్?"

"వాన పడేలా ఉంది. ఇంట్లో అన్నయ్య ఉన్నారన్నారుగా, ఆయనకు ఫోన్ చేసి గొడుగు తెమ్మనండి. ఈలోగా కాంటీన్లో ఏమైనా తినండి."

ఆ అన్న ఎక్కడి నుంచో సైకిలు తొక్కుకుంటూ, చెమటలు కక్కుకుంటూ, గొడుగు పట్టుకుని వచ్చాడు. అప్పుడు గాని రిపోర్టు బయటికి రాలేదు. ఆ సాయంత్రం బావమరిది అక్క దగ్గర మొరపెట్టుకున్నాడు. "బావకు ముదిరిందక్కా. ఇవాళ ఆకాశం కూడా ఆగాలంటున్నాడు."

"నాకు కొత్తేముందిరా" అంది అక్క, చల్లారిన కాఫీ మళ్లీ వేడిచేస్తూ.

ఇలా ఉండగా ఒక ఉదయం కండక్టరమ్మ వచ్చింది.

ఊరి బస్సులో కండక్టరమ్మ. ఆమె మొగుడు అదే బస్సుకు డ్రైవరు. ఊళ్లో సగం మంది ఆమె బస్సులోనే బడికెళ్లి, ఆమె బస్సులోనే ఉద్యోగాలకెళ్లి, ఆమె బస్సులోనే తలలు నెరిసినవాళ్లు. బావమరిది కూడా చిన్నప్పటి నుంచీ ఆ బస్సు ఫుట్‌బోర్డు మీద పెరిగినవాడే. ఆమె "రైట్! రైట్!" అని ఒక్క కేక వేస్తే బస్సే కాదు, పక్కన ఆగిన రిక్షాలు, లారీలు, సందేహిస్తున్న పాదచారులు, అన్నీ కదిలేవి.

అంతటి గొంతు ఆ రోజు పీలగా ఉంది. పొట్ట నొప్పని పరీక్ష చేయించుకుంటే కాలేయంలో మచ్చేదో ఉందన్నారు. అదేమిటో స్కాన్‌లో తేల్చుకోమన్నారు.

"మీతో ఎవరొచ్చారు?" డాక్టరు గారు చేయి పట్టుకుని నాడి చూస్తూ అడిగారు.

"ఎవరూ రాలేదండీ. మా ఆయనకు చెప్పలేదు."

"ఎందుకని?"

"ఆయన డ్రైవరండీ. చెబితే స్టీరింగ్ మీద చేతులు వణుకుతాయి. బస్సు నిండా జనం ఉంటారు."

డాక్టరు గారు నాడి లెక్క పూర్తిచేశారు. వానల గురించి అడిగారు. బస్సుకు కొత్త టైర్లు వేశారా అని అడిగారు. ఆమె కాస్త నవ్వింది. ఆయన బయటికొచ్చి మైకులో చెప్పారు. "అమ్మా, మందు ఎక్కేటప్పుడు ఒళ్లంతా వేడెక్కినట్టుంటుంది. కంగారు పడకండి. అంతా బాగానే ఉందనిపిస్తే ఒక్క మాట చెప్పండి, చాలు."

మందు మొదలైంది. డాక్టరు గారి చేయి పైకి లేచింది. బావమరిది వేలు మీట మీదికి వెళ్లింది. వేడి ఆమె మెడ దాకా పాకింది. ఆమె ధైర్యం తెచ్చుకుని, అంతా బాగానే ఉందని చెప్పడానికి తనకు అలవాటైన ఒకే ఒక్క మాట, అలవాటైన గొంతుతో అంది.

"రైట్! రైట్!"

బావమరిది వేలు మీట నొక్కేసింది. అతను నొక్కలేదు, అతనిలోని ఫుట్‌బోర్డు కుర్రాడు నొక్కాడు. అదే క్షణంలో కారిడార్లో ఖాళీ స్ట్రెచరు పట్టుకుని నిలబడ్డ మనిషి దాన్ని తోసుకుంటూ గబగబా బయల్దేరాడు. వాచ్‌మన్ గేటు బార్లా తీశాడు. ఎక్కడా ఏ పనీ లేని అంబులెన్సు రోడ్డెక్కి మలుపు తిరిగి మాయమైంది. దంతాల డాక్టరు ముందు కూర్చున్న పెద్దమనిషి లేచి నిలబడి జేబులో చిల్లర తడుముకున్నాడు.

స్కాన్ గదిలో మాత్రం డాక్టరు గారి చేయి ఇంకా పైనే ఉంది.

"ఏరా..."

"సారీ బావా!" 'సార్' అనడం కూడా మరిచిపోయాడు.

తెర మీద కాలేయం చిమ్మచీకటి. దీపం ఇంకా ఆ వీధిలోకే రాలేదు. బల్లను వెనక్కి తెచ్చి మళ్లీ తీద్దామనుకునేలోగా మందు దాటిపోయింది. వెంటనే మళ్లీ ఎక్కిస్తే మూత్రపిండాలకు శ్రమ. రెండ్రోజులాగి రమ్మనడం తప్ప గతిలేదు. విషయం తెలిసి మేనేజరు ఊగిపోయాడు. అంబులెన్సు కోసం మనుషుల్ని పంపించాల్సి వచ్చింది మరి.

కండక్టరమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. "నా నోరు పడిపోను! రెండ్రోజులు మళ్లీ ఇదే దిగులు."

డాక్టరు గారు ఆమె పక్కన కూర్చున్నారు. "ఈసారి వచ్చేటప్పుడు ఎవరినైనా తీసుకురండి. స్కాన్ అయ్యాక మీరు బరువులు మోయకూడదు. చేతిసంచీ కూడా."

"చేతిసంచీ కూడానా?"

"ముఖ్యంగా చేతిసంచీ."

బావమరిది నోరు తెరిచాడు. అలాంటి నియమం ఏ పుస్తకంలోనూ లేదు. డాక్టరు గారు అతని కాలు తొక్కారు.

రెండ్రోజుల తర్వాత కండక్టరమ్మ మళ్లీ ఒంటరిగానే వచ్చింది. డాక్టరు గారు చేయెత్తి "ఆగండి" అన్నారు. మెషీన్ నిద్రలేవలేదన్నారు. మెషీన్ అప్పటికే ముగ్గురిని స్కాన్ చేసి గుయ్యిమంటోంది. గది చల్లబడలేదన్నారు. బావమరిది స్వెటర్లో వణుకుతున్నాడు. చివరికి ఆమె విసిగిపోయి ఫోను తీసింది.

"ఏమండీ, ఒకసారి ఆస్పత్రికి రండి. నా సంచీ మోయాలి... అవును, సంచీయే... ఆ, నాకే... అయ్యో, ఏడవకండి, ముందు బ్రేకు వేయండి!"

కాసేపటికి ఆస్పత్రి ముందు పెద్ద హారన్ వినిపించింది. ఆ తర్వాత కారిడార్లో అలికిడి. తలుపు తీసి చూస్తే ముందు డ్రైవరు, ముక్కు తుడుచుకుంటూ. ఆయన వెనక కూరగాయల బుట్టతో ఒకావిడ. ఆమె వెనక స్కూలు పంతులు, ఇద్దరు తాపీ మేస్త్రీలు, కోడిపుంజుని చంకన పెట్టుకున్న తాత, చంటిపిల్లల తల్లులు, ఇంకా బోలెడంత మంది.

డాక్టరు గారు కళ్లద్దాలు సవరించుకున్నారు. "మీతో ఎవరొచ్చారు?"

"బస్సు వచ్చిందండీ" అన్నాడు డ్రైవరు. "మధ్యలో దిగండి, మా ఆవిడకు బాగాలేదట అన్నాను. దిగేది లేదన్నారు. మేమూ వస్తామన్నారు."

"మా కండక్టరమ్మకేం కాదు కదా?" అని అడిగాడు తాత. పుంజు కూడా అదే ప్రశ్న తన భాషలో వేసింది.

మేనేజరు పరుగున వచ్చి ఆ దృశ్యం చూసి గోడకు ఆనుకున్నాడు. "ఇది ఆస్పత్రా, బస్‌స్టాండా?"

"ఇప్పటికి రెండూనండీ" అన్నారు డాక్టరు గారు. "ఒరే, మెషీన్ లేచింది. మొదలుపెట్టు."

ఈసారి కండక్టరమ్మ పెదాలు బిగించి పడుకుంది. బావమరిది చెవుల్లో దూది కుక్కుకున్నాడు. డాక్టరు గారి చేయి లేచింది, ఆగింది, దభీమని దిగింది. తెర మీద కాలేయం నిండుగా వెలిగింది. దాని మధ్యలో చీకటి మచ్చ. అంచుల చుట్టూ మాత్రం అక్కడక్కడా తెల్లటి చుక్కలు.

మేనేజరు కూడా తొంగి చూశాడు. ఆయన గొంతు తగ్గింది. "పాపం. వచ్చేసింది కదండీ బొమ్మ. ఇక దించేద్దాం."

"ఆగండి."

"ఇంకా ఏం ఆగడమండీ? కాలేయంలో దీపం ఆరిపోతోంది అంటారుగా మీరే."

"అదే కావాలి నాకు. చుట్టూ ఆరిపోవాలి. అప్పుడు ఆ మచ్చేం చేస్తుందో చూడాలి."

ఆ తర్వాతి నిమిషాలు బావమరిదికి బాగా గుర్తు. అద్దం అవతల కండక్టరమ్మ కదలకుండా పైకప్పు వంక చూస్తోంది. తలుపు అవతల బస్సెడు జనం ఊపిరి బిగపట్టారు. ఎవరైనా దగ్గితే తాత చేయెత్తి "ఆగు" అంటున్నాడు. డాక్టరు గారి నుదుటి మీద చెమట. ఎత్తిన చేతిని ఆయన ఎడమచేత్తో పట్టి నిలబెట్టుకున్నారు. ఇన్నేళ్లలో ఆ చేతికి ఆసరా కావాల్సి రావడం బావమరిది చూడలేదు. ఆమ్లెట్ ముందు ఎంతసేపైనా తనంతట తనే నిలబడ్డ చేయి అది.

"ఇప్పుడు."

ఈసారి కేక వేయలేదు. గుసగుసగా అన్నారు. చెవుల్లో దూది ఉన్నా, దిగిన చేయి చూసి బావమరిది నొక్కాడు.

బొమ్మ తేలింది. చుట్టూ కాలేయం మసకబారిపోయింది. ఆ చీకటి మచ్చ మాత్రం అంచుల నుంచి లోపలికి నిండుకుంటూ వచ్చి, ఇప్పుడు పొంగిన పాలలా తెల్లగా ఉంది.

"ఒరేయ్!" డాక్టరు గారు బావమరిది వీపు మీద ఒక్కటి చరిచారు. "రక్తనాళాల ముడిరా! పుట్టుమచ్చ లాంటిది! దాని మానాన అది ఉంటుంది, ఎవరినీ ఏమీ అనదు! నిదానంగా నిండిందంటే అదే!"

ఆ తర్వాత బావమరిది కళ్లతో చూసి కూడా నమ్మలేకపోయిన సంగతి జరిగింది. ఆగు డాక్టరు గారు పరుగెత్తారు. ఎవరినీ ఆగమనలేదు, తనూ ఆగలేదు. కుర్చీ తన్నుకుని, ఒక చెప్పు గదిలో ఒక చెప్పు గుమ్మంలో వదిలేసి, లోపలికి దూసుకెళ్లి, ఇంకా బల్ల మీదే ఉన్న కండక్టరమ్మ చెవి దగ్గర అరిచారు. "ఏమీ లేదమ్మా! భయపడాల్సింది ఏమీ లేదు!"

ఆమె లేచి కూర్చుంది. ఒక క్షణం ఆయన వంక వెర్రిగా చూసింది. తర్వాత నడుం బిగించి, తలుపు తీసి, జనం వంక చూసి గొంతు విప్పింది.

"ఏమీ లేదంట! పొట్టలో ముడంట, అంతే! ఎక్కండి, ఎక్కండి, టైమైపోతోంది! ఏవండీ, మీరా ఏడుపు ఆపి బండి తీయండి!"

"ముందు నీ సంచీ ఇవ్వవే" అన్నాడు డ్రైవరు, వెక్కుతూ. సంచీ గుండెలకు హత్తుకుని నడిచాడు.

బస్సు వెళ్లిపోయాక బావమరిది చెవుల్లో దూది తీసేశాడు. అతని బుర్రలో ఏదో తిరుగుతోంది.

"బావా సార్, ఒక్క మాట. ఆమెకు ప్రింటరు వేడెక్కేదాకా ఆగమనలేదేం?"

"మంచి మాటకు కాగితమెందుకురా?" అన్నారు డాక్టరు గారు, చెప్పు వెతుక్కుంటూ.

"అంటే... ఆ గొడుగు మేస్త్రికి?"

డాక్టరు గారు చెప్పు వెతకడం మరీ శ్రద్ధగా సాగించారు. బావమరిది కుర్చీలో కూలబడ్డాడు. ఒక్కొక్కరే కళ్లముందు కదిలారు. చిటికెలో రిపోర్టు చేతికొచ్చి నవ్వుతూ వెళ్లినవాళ్లు. ప్రింటరు వేడెక్కాలని కూర్చోబెడితే, అన్నో, పెళ్లామో, స్నేహితుడో వచ్చి పక్కన కూర్చున్నాక, ఏదో ఒకటి తిన్నాక, అప్పుడు గదిలోకి పిలుపు అందుకున్నవాళ్లు. ఆ మేస్త్రి బయటికొచ్చినప్పుడు అన్న భుజం మీద చేయి వేసుకునే నడిచాడు. గొడుగు బెంచీ మీదే మరిచిపోయారు.

"ఒంటరిగా వచ్చినవాళ్లకి చెడ్డ మాట చెప్పవు కదూ బావా?"

"దానికీ ఒక సరైన క్షణం ఉంటుందనుకున్నానురా, ఉద్యోగంలో చేరిన కొత్తలో. చాలా వెతికాను. అలాంటిది లేదు." ఆయన చెప్పు దొరికింది, వేసుకున్నారు. "అందుకని క్షణాన్ని వదిలేసి, పక్కన కూర్చునే మనిషిని వెతకడం మొదలుపెట్టా. మేనేజరుకు చెప్పకు. ప్రింటరు కొన్న బాధలో ఉన్నాడు."

కొద్దిరోజులకు గడియారాలు బాగుచేసే పెద్దాయన ఒకరు రిపోర్టు కోసం వచ్చారు. ఆ రిపోర్టు చూసి డాక్టరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. వైద్యం ఉన్న జబ్బే, కానీ విని తేలిగ్గా లేచి వెళ్లగలిగే మాట కాదు.

"మీతో ఎవరొచ్చారు?"

"ఎవరూ రారు బాబూ. నేనొక్కణ్ణే."

"తమ్ముళ్లు? స్నేహితులు?"

"ఒక్కణ్ణేనండీ. పెళ్లి కూడా చేసుకోలేదు. ఆ ప్రింటరేదో వేడెక్కాలటగా, తీరిగ్గా వేడెక్కనివ్వండి. నాకేం పనిలేదు."

డాక్టరు గారి చేయి పైకి లేచింది. అలాగే ఉండిపోయింది. ఎవరి కోసం ఆగాలో ఆయనకు తెలియలేదు. ఆ ముఖం చూడలేక బావమరిది మెషీన్ దగ్గర నుంచి లేచాడు. బయటికొచ్చి పెద్దాయన పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"వీరి తరఫున నేనొచ్చాను సార్."

డాక్టరు గారు ఇదివరకెన్నడూ చూడనట్టు అతణ్ణి ఎగాదిగా చూశారు. "మీరు వీరికేమవుతారు?"

బావమరిదికి ఆ క్షణంలో తోచింది ఒక్కటే. "అల్లుణ్ణండీ."

పెద్దాయన ఉలిక్కిపడ్డారు. "నాకు పెళ్లే కాలేదని చెబితిని కదా బాబూ!"

"అవన్నీ ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం మావయ్యా. ముందు కాఫీ తాగండి."

పెద్దాయన అతని వంక చూశారు. కిటికీలో డాక్టరు గారి వంక చూశారు. విషయం అర్థమైంది. కాఫీ తీసుకుని నెమ్మదిగా తాగారు. గ్లాసు పక్కన పెట్టి, బావమరిది చేయి పట్టుకుని లేచారు. "పద అల్లుడూ. ఆయనేం చెబుతారో విందాం."

అది మొదలు. తర్వాత తర్వాత ఆ బావమరిది ఒకరికి మేనల్లుడయ్యాడు, ఇంకొకరికి పిన్ని కొడుకయ్యాడు, ఒక రిటైర్డ్ టీచరమ్మకు ఏకంగా పెద్దల్లుడయ్యాడు. చికిత్సకొచ్చినప్పుడల్లా గడియారాల పెద్దాయన మేనేజరుకు కూడా అతణ్ణి "మా అల్లుడు" అనే పరిచయం చేసేవారు. డ్యూటీలో చుట్టరికాలు వినపడకూడదన్న మేనేజరు, ఎవరిని మందలించాలో తేలక, తలాడించి వెళ్లిపోయేవాడు.

ఒక ఆదివారం అక్క బజారు నుంచి సంచీలతో వచ్చి, వాటిని బల్ల మీద దబాలున పడేసింది.

"ఒరేయ్, నిజం చెప్పు. నీకీ ఊళ్లో ఎంతమంది అత్తగార్లున్నారు?"

"ఏమైందక్కా?"

"ముగ్గురాపారు నన్ను! 'మా అల్లుడు కులాసానా' అని ఒకావిడ, 'మా బంగారుకొండకివ్వు' అని జామపళ్లిచ్చి ఒకావిడ! ఇంకొకావిడ నీకు సరిపోతుందో లేదో చూడమని స్వెటరిచ్చింది! ఏమండీ, మీరైనా చెప్పరేం?"

డాక్టరు గారు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. బావమరిది నసిగాడు, నీళ్లు నమిలాడు, చివరికి మొత్తం కక్కేశాడు. అక్క నడుం మీద చేతులు పెట్టుకుని అంతా విన్నది. పేపరు వంక ఒకసారి, తమ్ముడి వంక ఒకసారి చూసింది. జామపళ్లు కడగడం మొదలుపెట్టింది.

"రేపట్నుంచి ఆడవాళ్లొస్తే నాకూ ఫోన్ చేయండి" అంది చివరికి. "కూతురిగా వస్తాను."

"కుదరదక్కా" అన్నాడు తమ్ముడు భయంభయంగా. "నేను అల్లుణ్ణి కదా. నువ్వు కూతురివైతే..."

అక్క చేతిలోని జామకాయ ఆగింది. లెక్క తేలాక నాలుక కరుచుకుని, తమ్ముడి నెత్తిన ఒక మొట్టికాయ వేసింది.

"సరే అయితే, కోడలిగా వస్తాను. ఇంద, తిను."